'మా అన్న'కి వీళ్లెవరో తెలియదు, అయినా ఆ ప్రేమ నిజమే

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సినిమాలు వస్తున్నాయి. 'మా అన్న సినిమా' అంటూ స్టేటస్‌లు మార్చే పిల్లలను చూసి, ఆ అన్నకి నువ్వెవరో కూడా తెలియదని కొట్టిపారేయకండి. వాళ్ల మనసులో ఉన్నది నిజమైన అనుబంధమే, కాకపోతే ఒకవైపు నుంచే.

దీన్ని 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే అమెరికా పరిశోధకులు వివరించారు. టీవీలో మనిషి నేరుగా కెమెరాలోకి చూస్తూ కబుర్లు చెబితే, చూసేవారికి అతను తమవాడే అనిపిస్తుందన్నారు. ఇప్పుడు ఫోన్‌లో ఆ ముఖం జానెడు దూరంలో, ఆ గొంతు చెవిలోనే, అదీ రోజూ. పదేపదే కనిపించేదాని మీద ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జాయన్స్ చూపించారు. పైగా అక్కడ తిట్లుండవు, మార్కుల ఊసుండదు, కాదనేవారుండరు. తానెవరో వెతుక్కునే పద్నాలుగేళ్ల పిల్లకి అది ఎంతో భద్రమైన చోటు.

అందరి అభిమానమూ ఒకేలా ఉండదు. 2002లో మెక్‌కచన్, మరికొందరు పరిశోధకులు దీన్ని మూడు స్థాయులుగా చూశారు. నేస్తాలతో కలిసి కబుర్లు, డ్యాన్సులు మొదటిది. అందులో తప్పేమీ లేదు. 'అతని కష్టం నా కష్టం' అని రోజంతా తలచుకోవడం రెండోది. అతను అడిగితే చట్టానికి విరుద్ధమైన పనైనా చేస్తాననడం మూడోది. రెండోదాని దగ్గరే మీరు మేలుకోవాలి.

రెండు వారాలు గమనించండి: నిద్ర తగ్గిందా, పాత స్నేహితులు దూరమయ్యారా, డబ్బు ఎటు పోతోంది, ఎవరో హీరోని ఏదో అన్నారని రాత్రి ఒంటిగంటకి కామెంట్లలో గొడవపడుతున్నారా. ఉంటే పోస్టర్ చించకండి, ఫోన్ లాక్కోకండి. సిగ్గుపడ్డ పిల్లలు అభిమానం మానరు, మీకు చెప్పడం మానేస్తారు. 'అతనిలో నీకేం నచ్చింది?' అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా పది నిమిషాలు వినండి. 'ఎవరూ నమ్మకపోయినా పైకొచ్చాడు' అంటే, తనను నమ్మేవాళ్లు కావాలని ఆ బిడ్డ చెబుతున్నట్టే. ఆ తర్వాతే నోటిఫికేషన్లు ఆపించండి, రాత్రి ఫోన్ ఛార్జింగ్ హాల్లో పెట్టించండి. ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా.

అభిమాన తార చనిపోయినా, పెళ్లి చేసుకున్నా పిల్లలు ఏడిస్తే నవ్వకండి. అది నిజమైన దుఃఖమే. రెండు వారాలు దాటినా తిండీ నిద్రా సరిగా లేకపోతే మాకు చెప్పండి. బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు