చింత కింద లాన్ వద్దు

అమ్మీ,

చింతచెట్టు కింద లాన్ వేయిద్దామని, డబ్బులు నువ్వే పంపిస్తానని అన్నావంట. మీ అమ్మ చెప్పింది. డబ్బులు ఉంచుకో. ఆ గడ్డికి మంచి ఎండ కావాలి, ఆగకుండా నీళ్లు కావాలి. మన చింత కింద రెండూ లేవు.

అసలు అనంతపురంలో ఏడాదికి పడే వానే 550 మిల్లీమీటర్ల చుట్టూ. నైరుతి మబ్బులు పడమటి కనుమల్లోనే కురిసేసి వస్తాయి. ఈశాన్యం వానలేమో నెల్లూరు వైపు దంచికొట్టి ఇక్కడికి వచ్చేసరికి పల్చబడతాయి. ఆ కాస్త వానలోనూ చిన్న జల్లులు చింతాకు మీదే ఆరిపోతాయి. నేలకు దిగిన తడిని పైపైన అల్లుకున్న వేర్లు పీల్చేస్తాయి. చెట్టు తిన్నాక మిగిలింది తినాల్సిన చోటు అది. అందుకే అక్కడ నీడకూ కరువుకూ ఓర్చుకునే మన మొక్కలే పెడదామనుకుంటున్నా.

గోడ వెంబడి అడ్డసరం. దాని చేదుకు మేకలు మూతి పెట్టవు, మన వీధికి అంతకన్నా ఏం కావాలి? కొమ్మ గుచ్చినా బతుకుతుంది. దాని ముందు కనకాంబరాలు, అది మీ అమ్మ మాట. దక్షిణాది మొక్కే గానీ ఎండాకాలం నీళ్లు అడుగుతుంది, కాబట్టి చెట్టు మొదటికి దూరంగా, కాస్త ఎండ తగిలే అంచున పెడతా. ఎండిన కాయలకు తడి తగిలితే టపటపా పగిలి గింజలు ఎగురుతాయి. నీ కొడుక్కి మంచి కాలక్షేపం.

పక్కనున్న వేప మీదికి తిప్పతీగ. కంచె దగ్గర పిల్లిపీచర, అదే శతావరి. ఇది వేసవిలో చచ్చినట్టు ఎండిపోతుంది, ఆ టైములో నువ్వు వస్తే పీకి పారేస్తావని నా టెన్షన్. కింద గడ్డల్లో నీళ్లు దాచుకుని ఉంటుంది, తొలకరికి మళ్లీ లేస్తుంది. నన్నారి కూడా పెడతా, కానీ షర్బత్ మాట ఎత్తొద్దు. వాసనంతా వేర్లోనే ఉంటుంది, వేరు తవ్వితే మొక్క పోయినట్టే. కొండల్లో అట్లా తవ్వుతూ పోతే ఇంకేం మిగులుతుంది? పెరుక్కొచ్చిన వేరు కొనను, నర్సరీలో పెంచిన మొక్క దొరికితేనే తెస్తా.

మనుషుల్ని పెట్టి అంతా తవ్వించి ఎర్రమన్ను పోయించమంటావేమో. అదే చెట్టుకు చేటు. వేర్లకు గాలి ఆడదు, మొదలు చుట్టూ మన్ను కప్పితే బెరడు కుళ్లుతుంది. గడ్డపారతో వేర్ల సందుల్లో చిన్న గుంతలు తీస్తే చాలు, పెద్ద వేరు తగిలితే పక్కకు జరగడమే. మొక్క ఎంత చిన్నదైతే అంత మేలు, ఆ సందులోనే సర్దుకుంటుంది. మనకు వానలు ఎక్కువ పడేది సెప్టెంబరులో కదా, దానికి కాస్త ముందే నాటేస్తా.

కరువు మొక్కే అయినా మొదటి ఏడాది నీళ్లు పోయాల్సిందే. పాత మట్టికుండలు మెడ దాకా పూడ్చి, నీళ్లు నింపి మూత పెడతా. కుండ గోడల్లోంచి తడి మెల్లగా ఊరుతుంది. చింత వేర్లు కూడా పసిగట్టి వస్తాయి, రానీ, ఇల్లు దానిది కూడా.

రాలిన ఆకు ఊడ్చొద్దని మీ అమ్మతో పెద్ద పంచాయితీ అయింది. ఆ ఆకే తడిని ఆపేదంటే, తేళ్లు చేరతాయంటుంది. అదీ నిజమే. చివరికి దోవ ఆమెది, చెట్టు కింద నాది అని ఒప్పందం. పిల్లోడిని మాత్రం చెప్పులు లేకుండా అటు పంపొద్దు. వాడు దొర్లడానికి గడ్డే కావాలంటే గేటు దగ్గర ఎండలో గరిక ఉంది.

మీ అత్తగారి పెరట్లో చాగ ఉందన్నావు కదా, కత్తుల మాదిరి ఆకులు లేచేది. దసరాకు వచ్చేటప్పుడు రెండు పిలకలు తెచ్చిపెట్టు. ఉత్త ఆకు కోసుకురావద్దు, కింద దుంప తగిలి ఉండేలా తీయి. తడిగుడ్డ అక్కర్లేదు, పాత పేపర్లో చుట్టినా బతుకుతుంది.

మీ నాయన