కట్ దాటని గోల్ఫర్లకు దారి ఖర్చులైనా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

గోల్కొండ కోర్సులో ప్రొఫెషనల్ టోర్నీ జరిగినప్పుడు విజేత ఫొటో, చెక్కు మొత్తం పత్రికల్లో వస్తాయి. అదే టోర్నీ ఆడి ఖాళీ చేతులతో రైలెక్కేవాళ్ల గురించి రాద్దామనిపించింది.

మన దేశంలో ప్రధాన ప్రొఫెషనల్ టూర్‌ను, అంటే సీజన్ పొడవునా ఊరూరా జరిగే టోర్నీల వరసను, 2006లో ఏర్పడిన పీజీటీఐ (ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా) నడుపుతోంది. అమెరికా, యూరప్ టూర్లతో పోలిస్తే ఇది కింది మెట్టు. దీనికీ కింద 2024లో నెక్స్‌జెన్ అనే ఫీడర్ టూర్ (పై టూర్‌కు ఆటగాళ్లను అందించేది) మొదలైంది. కోటి రూపాయల టోర్నీ గెలిస్తే 15 లక్షలు వస్తాయి. కానీ మొదటి రెండు రోజుల ఆట అయ్యాక తొలి 50 స్థానాల్లో ఉన్నవాళ్లు, 50వ స్థానంతో స్కోరు సమానమైనవాళ్లు మాత్రమే ముందుకు వెళ్తారు. దీన్నే కట్ అంటారు. ఒక్క స్ట్రోక్ (బంతిని కొట్టే దెబ్బ) తేడాతో కట్ తప్పినా రూపాయి రాదు. ఎంట్రీ ఫీజు, రైలు చార్జీ, గది అద్దె, బ్యాగు మోసే క్యాడీకి ఇవ్వాల్సిన డబ్బు, తిండి, అన్నీ ఆటగాడి జేబులోంచే. మళ్లీ ఇంకో ఊరు. చండీగఢ్, జంషెడ్‌పూర్, కోయంబత్తూరు, అస్సాంలోని దిగ్బోయ్, టోర్నీ ఎక్కడుంటే అక్కడికి. వరసగా నాలుగైదు కట్‌లు తప్పితే ఇంట్లో అప్పు మొదలవుతుంది. ఆ టెన్షన్‌తో నాలుగడుగుల పుట్ వేయడం (బంతిని మెల్లగా రంధ్రంలోకి దొర్లించడం) ఎంత కష్టమో ఆడేవాళ్లకే తెలుసు.

గోల్ఫ్ డబ్బున్నవాళ్ల ఆట, వాళ్లకు సాయమెందుకు అనేవాళ్లున్నారు. క్లబ్బు సభ్యత్వం వరకు ఆ మాట నిజమే. టూర్ ఆడేవాళ్ల విషయంలో కాదు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారత ప్రొఫెషనల్ అలీ షేర్ క్యాడీగా మొదలైనవాడు. బెంగళూరు దగ్గర బిడదిలో చిక్కరంగప్ప కూడా అంతే. మధ్యప్రదేశ్‌లోని మౌ నుంచి వచ్చిన ఓం ప్రకాశ్ చౌహాన్ 2023లో పీజీటీఐ ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (సీజన్ సంపాదన పట్టికలో) మొదటి స్థానంలో నిలిచి యూరప్‌కు చెందిన డీపీ వరల్డ్ టూర్ కార్డు (అందులో ఆడే అర్హత) సంపాదించాడు. మన హైదరాబాద్‌లోనూ పొద్దున సభ్యుల బ్యాగులు మోసి, సాయంత్రం వెలుగుండగా నాలుగు హోల్స్ ఆడుకునే కుర్రాళ్లున్నారు. వాళ్లలో ఒకరిద్దరిని నేనెరుగుదును. చేతిలో ఆట ఉంది, సీజన్ మొత్తం తిరగడానికి డబ్బు లేదు.

మనం గర్వంగా చెప్పుకునే అమెరికా గోల్ఫర్ సాహిత్ తీగల తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు. అతనూ 2021లో కింది స్థాయి కార్న్ ఫెర్రీ టూర్ ఫైనల్స్ మీదుగానే అమెరికాలోని పెద్ద టూర్ అయిన పీజీఏ టూర్‌లోకి వెళ్లాడు. అయితే ఆ కింది టూర్‌లో ఇప్పుడు ఒక్కో టోర్నీకి కనీసం 10 లక్షల డాలర్ల బహుమతి నిధి ఉంటుంది. పైగా 2022-23 సీజన్ నుంచి పీజీఏ టూర్‌లో పూర్తి కార్డు లేని సభ్యులకు కట్ తప్పినా 5 వేల డాలర్లు ఇచ్చే పద్ధతి పెట్టారు. అంత డబ్బు మన దగ్గర లేదు, అక్కడి లెక్క ఇక్కడ అడగడం లేదు. కానీ ఆడటానికి వచ్చినవాడికి దారి ఖర్చయినా ఇవ్వాలన్న ఆలోచన మనమూ తీసుకోవచ్చు కదా!

లెక్క వేసి చూద్దాం. 120 మంది ఆడే టోర్నీలో 70 మంది కట్ తప్పారనుకోండి. తలా 10 వేలు ఇస్తే 7 లక్షలు. కోటి రూపాయల టోర్నీలో ఇది విజేత చెక్కులో సగం కూడా కాదు. ఈ మొత్తాన్ని బహుమతి డబ్బులోంచి తీయక్కర్లేదు, స్పాన్సర్ల దగ్గర విడిగా అడగవచ్చు. గోల్కొండ మాస్టర్స్ 'తెలంగాణ ఓపెన్' అన్న పేరుతో జరిగిన టోర్నీ. రాష్ట్రం పేరు గానీ, ప్రభుత్వ సాయం గానీ ఇచ్చేటప్పుడు ఈ షరతు పెట్టాలి. విశాఖలో టోర్నీలు జరిగేటప్పుడు ఆంధ్రప్రదేశ్ కూడా ఇదే అడగాలి.

ఇంకొక్క మాట. సీజన్ చివర ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో తొలి 60 మందికే కార్డు నిలుస్తుంది. మిగతావాళ్లు మళ్లీ ఫీజు కట్టి క్యూ స్కూల్ (అర్హత టోర్నీ) ఆడాల్సిందే. క్యాడీ కుటుంబాల నుంచి వచ్చి, తొలి దశ దాటిన మన కుర్రాళ్లకు ఆ ఫీజు, ప్రయాణ ఖర్చులు ప్రభుత్వమే భరించాలి. క్రీడల శాఖ తీసుకుంటుందా, పర్యాటక శాఖ తీసుకుంటుందా అన్నది వాళ్లిష్టం. వచ్చే క్యూ స్కూల్ ఎంట్రీలు మొదలయ్యేలోపు తేల్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, టోలీచౌకి, హైదరాబాద్