కొత్తది కొనమనే ముందు

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ 10 కంప్యూటర్ ఉంది. స్విచ్ వేసి, పాలు కాచి వచ్చినా తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది. ఇంటర్ చదివే మనవరాలు నోట్సు తెరవాలంటే ఏడుపు ముఖం పెట్టేది. రిపేరు షాపులో చూడకుండానే కొత్తది కొనమన్నారు. నాకు మనసొప్పలేదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే, కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ వచ్చింది. అందులో స్టార్టప్ అన్నచోట, అంటే కంప్యూటర్ పెట్టగానే వాటంతటవే మొదలయ్యేవాటి జాబితాలో చూద్దును కదా, మేము వాడని వీడియో కాల్ యాప్, పాటల యాప్, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు ప్రోగ్రాం, అన్నీ పిలవకుండానే లేచి కూర్చుంటున్నాయి! ఒక్కోదాన్నీ డిజేబుల్ చేశాను, అంటే వాటంతటవి లేవకుండా ఆపాను. అలా చేస్తే యాప్ పోదు, కావాలన్నప్పుడు తెరుచుకోవచ్చు. యాంటీవైరస్ జోలికి మాత్రం పోలేదు, ఎవరూ పోకూడదు. ఇప్పుడు కాఫీ కలిపేలోపే సిద్ధం.

షాపుల వాళ్లు కొత్తది కొనమనే ముందు ఈ కాస్త పనీ చేసి చూపించాలని నా విన్నపం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, కొర్లగుంట, తిరుపతి