పిండి ఎందుకు ఆలస్యమైందో, బండికి ఏమైందో

మా దగ్గర ఇడ్లీ, దోశ, పెసరట్టు పిండి తీసుకునే టిఫిన్ సెంటర్ల వాళ్లందరికీ నమస్కారం.

పోయిన నెలలో గుంటూరు లైనుకు పిండి వేళకు అందలేదు. తెల్లవారకముందే దిగాల్సిన క్యాన్లు బాగా పొద్దెక్కాక దిగిన రోజులున్నాయి. పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే ఇడ్లీ రేకులు చేతిలో పట్టుకుని రోడ్డు వంక చూస్తూ నిలబడ్డానని అరండల్‌పేట నుంచి ఒకాయన ఫోన్ చేశారు. పొద్దున రెండు గంటల వ్యాపారం పోతే ఆ రోజంతా పోయినట్టేనని మాకు తెలుసు. అప్పట్లో బండి రిపేరులో ఉందని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాం. అప్పటికి మాకూ అంతకు మించి తెలియదు. ఇప్పుడు బండి బాగైంది కాబట్టి ఏమైందో, ఎంతైందో, దానివల్ల మీకు ఏం మారుతుందో వివరంగా రాస్తున్నాను.

మా వ్యాను 2018 మోడల్ డీజిల్ బండి, పొగ కాలుష్య నిబంధనల్లో బీఎస్ 4 రకం. సింగ్ నగర్‌లో లోడు ఎత్తి, వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరిలో దించుకుంటూ గుంటూరు వెళ్తుంది. ఊళ్లో ఎంత తిప్పినా ఏ గొడవా లేదు. మంగళగిరిలో క్యాన్లు దించి మళ్లీ సెల్ఫ్ కొడితే మాత్రం ఒక్కోసారి స్టార్ట్ అయ్యేది కాదు. సెల్ఫ్ బాగానే తిరిగేది, ఇంజిన్ అందుకునేది కాదు. అరగంట ఆగి కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. తర్వాత తర్వాత కాజ టోల్‌గేటు దాటాక నడుస్తూ నడుస్తూనే ఆగిపోవడం మొదలైంది. హైవే మీద చీకట్లో, వెనక లారీలు వస్తుండగా బండి ఆగిపోతే డ్రైవర్ పరిస్థితి ఏమిటో ఆలోచించండి. పిండి సంగతి ఆ తర్వాత.

పిండి సంగతీ చెప్పాలి. ఇడ్లీ పిండి ఒక గంట ఆలస్యమైతే కాస్త పులుపెక్కుతుంది, కొంచెం కొత్త పిండి కలిపి సర్దుకోవచ్చు. పెసర పిండికి ఆ వీలు లేదు. అది పులియబెట్టేది కాదు, రుబ్బిన వెంటనే పెనం ఎక్కాల్సింది. మన ఎండల్లో మూత పెట్టిన క్యానులో ఆగిపోతే వాసన వచ్చేస్తుంది. అలా పాడైన ప్రతి క్యానునూ మేమే వెనక్కి తెచ్చుకున్నాం, ఎవరి బిల్లులోనూ వేయలేదు. పొరపాటున ఎవరికైనా పడి ఉంటే చెప్పండి, తీసేస్తాం.

ముందు చూపించిన షెడ్డులో స్కానర్ పెట్టారు. బండి కంప్యూటర్ ఎక్కడ తేడా ఉందంటుందో అది కోడ్ రూపంలో చూపిస్తుంది. ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ కోడ్ వచ్చింది, సెన్సార్ మార్చారు. మళ్లీ ఆగింది. ఈసారి డీజిల్ ఒత్తిడి కొలిచే రైల్ ప్రెషర్ సెన్సార్ కోడ్. అదీ మారుద్దామన్నారు. ఆ తర్వాత యాక్సిలరేటర్ పెడల్ కోడ్ కూడా వచ్చేసరికి బండిని అక్కడి నుంచి ఆటోనగర్‌కు తీసుకెళ్లాం. అక్కడ వైరింగ్ పని మాత్రమే చేసే ఒక పెద్దాయన ఉన్నారు. కోడ్లు చూసి ఆయన అన్న మొదటి మాట: "ఇన్ని సెన్సార్లు ఒకేసారి పోవమ్మా. వీటన్నిటికీ అన్నం పెట్టే చెయ్యి ఒకటే. ముందు దాన్ని చూడాలి."

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను పక్కనే నిలబడి చూశాను. ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీఎం, చాలా సెన్సార్లకు ఐదు వోల్టుల కరెంటు పంపుతుంది. ఆ ఐదు వోల్టుల మీదే అవి కొలతలు తిరిగి చెబుతాయి. బండి మొరాయించినప్పుడు మల్టీమీటర్ పెడితే ఆ వైరులో ఒకటిన్నర వోల్టు కూడా లేదు. ఏదైనా ఒక సెన్సార్ లోపల షార్ట్ అయినా ఐదు వోల్టులు ఇలాగే పడిపోతాయట, దాంతోపాటు మంచి సెన్సార్ల మీద కూడా కోడ్లు వస్తాయట. అందుకని ఒక్కో సెన్సార్‌కు వైర్లు తగిలించే కప్లర్ ఊడదీస్తూ మీటర్ చూశారు. తప్పు సెన్సార్‌ది అయితే దాన్ని ఊడదీయగానే ఐదు వోల్టులు తిరిగి రావాలి. అన్నీ తీసినా రాలేదు. తర్వాత బ్యాటరీ తీగ విప్పి, ఈసీఎం కప్లర్ కూడా తీసి, వైరింగ్ ఎక్కడైనా బాడీకి తగులుతోందేమో చూశారు. తగలడం లేదు. అన్నీ మళ్లీ తగిలించి, సెల్ఫ్ కొడుతూ ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, చూశారు. ఈసీఎం ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య తేడా 0.1 వోల్టు కూడా రాలేదు, అంటే ఎర్త్ బాగానే ఉంది. రిలే బాగుంది, బ్యాటరీ బాగుంది. లోపలికి వెళ్లాల్సిన కరెంటు సరిగ్గా వెళ్తోంది, బయటికి రావాల్సింది రావడం లేదు.

అప్పటికీ ఈసీఎం పోయిందని ఆయన అనలేదు. బండిని చల్లారనిచ్చారు. ఐదు వోల్టులు మళ్లీ నిండుగా వచ్చాయి. అప్పుడు హెయిర్ డ్రయర్ తెప్పించి ఈసీఎం పెట్టె మీద మాత్రమే వేడి గాలి పట్టారు. ఇంజిన్ చల్లగానే ఉంది. కాసేపటికి మీటర్ మీద అంకె నాలుగున్నరకు దిగింది, తర్వాత మూడుకు, ఆ తర్వాత ఒక్కసారిగా కింద పడింది. స్కానర్‌కు కూడా ఈసీఎం దొరకడం మానేసింది. గాలి ఆపి చల్లబడనిస్తే అన్నీ తిరిగి వచ్చాయి. మంగళగిరిలో జరిగిందీ ఇదే. ఇంజిన్ ఆపగానే గాలి తగలడం ఆగిపోయి సీటు కింద వేడి ఇంకా పెరుగుతుంది, ఈసీఎం ఉండేది అక్కడే.

ఈసీఎం కప్లర్‌ను వెలుతురులోకి తిప్పి చూపించారు. అడుగు వరుసలో మూల పిన్నుల చుట్టూ సన్నగా పచ్చటి చిలుము. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు ఈ బండి సీటు దాకా నీళ్లలో నిలబడింది. అప్పుడు ఇంజిన్ ఆయిల్, డీజిల్, ఫిల్టర్లు అన్నీ మార్పించాం, బండి చక్కగా నడిచింది. కానీ కప్లర్ సీలు దాటి పోయిన కాస్త తేమ లోపల ఉండిపోయి, మెల్లమెల్లగా రాగిని తినేసిందని ఆయన అంచనా. చూసిన దాన్ని బట్టి నాకూ అదే నిజమనిపిస్తోంది.

తర్వాత మూడు దారులు కనిపించాయి. బోర్డు రిపేరు చేయించడం అన్నిటికంటే చవక. కానీ చిలుము పట్టిన బోర్డులో ఒక చోట టంకం వేస్తే ఇంకో చోట తెగదని ఎవరూ హామీ ఇవ్వలేదు. పాత బండి నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఈసీఎం కొత్తదానిలో మూడో వంతుకు వస్తుంది. దాని పార్టు నంబరు కలవాలి, పాత డేటా అంతా అందులోకి ఎక్కించాలి, లేకపోతే తాళం చెవిని గుర్తుపట్టదు, బండి స్టార్టే కాదు. పైగా అది ఏ నీళ్లలో మునిగి వచ్చిందో మనకు తెలియదు. నేను కొత్తదే వేయించాను. తెల్లవారుజామున హైవే మీద మనిషిని పంపే బండి ఇది, ఇక్కడ చవక చూసుకోవడం నాకు మనసొప్పలేదు.

కొత్తది బిగిస్తే సరిపోదని కూడా అప్పుడే తెలిసింది. షోరూం వాళ్లు ల్యాప్‌టాప్ పెట్టి ఛాసిస్ నంబరు ఎక్కించారు, తాళం చెవులు కలిపారు. ప్రతి ఇంజెక్టర్ తల మీద చిన్న అక్షరాలు, అంకెల కోడ్ చెక్కి ఉంటుంది. తయారీలో ఒక్కో ఇంజెక్టర్ డీజిల్ వదిలే కొలతలో వచ్చే చిన్న తేడాను ఆ కోడ్ చెబుతుంది. గుడ్డతో జిడ్డు తుడిచి, ఫోన్ లైటు వేసి కుర్రాడు ఒక్కొక్కటీ చదువుతుంటే ఇంకొకరు ఎక్కించారు. ఆ కోడ్లు తప్పితే ఇంజిన్ ఎగుడుదిగుడుగా ఆడుతుంది, పొగ కూడా రావచ్చు. ప్రోగ్రాం ఎక్కుతున్నంతసేపూ బ్యాటరీకి ఛార్జర్ తగిలించే ఉంచారు. మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త ఈసీఎం కూడా పాడవుతుందట.

ఈసీఎం, ప్రోగ్రామింగ్, కొత్త కప్లర్, కూలి అన్నీ కలిపి ఖర్చు 50 వేలు దాటింది. అందులో ఆటోనగర్ పెద్దాయన తప్పు పట్టుకున్నందుకు తీసుకున్నది చాలా చిన్న మొత్తం. నన్నడిగితే మొత్తం బిల్లులో విలువైన ఖర్చు అదే. మీలో చాలామందికి సొంత బళ్లున్నాయి, వరదలో మునిగినవీ ఉన్నాయి. దయచేసి కోడ్ వచ్చిన ప్రతి పార్టూ మార్చనివ్వకండి. కోడ్ అంటే ఫలానా చోట కొలత తేడాగా ఉందని మాత్రమే అర్థం, ఆ పార్టు పోయిందని కాదు. ముందు ఎర్త్, కరెంటు, కప్లర్లు చూడమనండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బళ్లలో సెన్సార్లు ఇంకా ఎక్కువ, అలా మార్చుకుంటూ పోతే డబ్బు ఎక్కడా ఆగదు.

ఇక మన లెక్కలు. ఈ ఖర్చు కోసం పిండి రేటు పెంచడం లేదు. రెండో పెద్ద గ్రైండర్ కోసం దాచిన డబ్బే దీనికి పెట్టాం, కాబట్టి గ్రైండర్ సంక్రాంతి దాటాకే. బండి లేని రోజుల్లో ట్రాలీ ఆటో మాట్లాడుకుని తడి గోనెసంచులు కప్పి పంపాం. ఆ కిరాయి కూడా మాదే, మీ మీద వేయలేదు. ఆ రోజుల్లో ఓపిక పట్టి వేరే చోటికి వెళ్లకుండా ఉన్నవాళ్లకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. వేరే చోట తీసుకున్నవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు, పొయ్యి ఆపుకోలేరు కదా.

సోమవారం నుంచి మంగళగిరికి నాలుగున్నరలోపు, గుంటూరుకు ఐదున్నరలోపు పిండి చేరుతుంది. పెసర పిండి క్యాన్లు ఇకపై బండిలో అన్నిటికంటే చివర ఎక్కించి, ముందు దించుతాం. ఆదివారం అదనంగా కావాలంటే శుక్రవారం రాత్రి ఎనిమిదిలోపు ఫోన్ చేయండి. ఉన్న గ్రైండర్ల మీద ఎంత వస్తే అంతే ఇవ్వగలం, ముందు చెప్పినవాళ్లకు ముందు.