కెప్టెన్ సీటుకు ఇకపై అదనపు రుసుము లేదు: శనివారం ఆటకు వచ్చేవారికి ఒక వివరణ

నమస్కారం.

హనుమకొండలోని మా గేమింగ్ సెంటర్‌కు శనివారం సాయంత్రాలు గాలి ఓడల ఆట కోసం వచ్చే మీ అందరికీ, పిల్లలను తీసుకువచ్చి రాత్రి పది వరకు బయట బండ్ల మీదే కూర్చుని ఎదురుచూసే తల్లిదండ్రులకూ ఒక విషయం వివరంగా చెప్పవలసి ఉంది. దసరా నుంచి ఆ ఆటలో కెప్టెన్ సీటు కోరుకున్నవారి దగ్గర నేను 40 రూపాయలు అదనంగా తీసుకుంటున్నాను. వచ్చే శనివారం నుంచి ఆ రుసుము ఉండదు. ఇప్పటివరకు ఎవరు ఎన్నిసార్లు చెల్లించారో నా రిజిస్టర్‌లో ఉంది కాబట్టి, ఆ మొత్తాన్ని వారి గంటల ఖాతాలో కలుపుతున్నాను. నగదే కావాలనుకునేవారు కౌంటర్ దగ్గర తీసుకోవచ్చు. రుసుము పెట్టడం తప్పని ఎందుకు అనుకుంటున్నానో చెప్పకుండా డబ్బు మాత్రం తిరిగి ఇచ్చి ఊరుకోవడం నాకు సరిగా అనిపించలేదు.

కొత్తవారి కోసం రెండు మాటలు. మనం ఆడుతున్న గన్స్ ఆఫ్ ఇకారస్ ఆన్‌లైన్‌ను న్యూయార్క్‌కు చెందిన మ్యూస్ గేమ్స్ 2012లో విడుదల చేసింది. ఒక్కో ఓడలో నలుగురు ఉంటారు. కెప్టెన్ చుక్కాని పడతాడు, గన్నర్ తుపాకులు చూసుకుంటాడు, ఇంజనీర్లు సుత్తి, రెంచి, స్పానర్ పట్టుకుని డెక్ మీద ఇంజన్ నుంచి బెలూన్‌కు, బెలూన్ నుంచి ఆర్మర్‌కు, అంటే ఓడ బయటి కవచానికి, పరుగెడుతూ మరమ్మతు చేస్తారు. మన దగ్గర ఎనిమిది కంప్యూటర్లు ఉన్నాయి కాబట్టి రెండు ఓడలుగా ఒకే పక్షాన బయలుదేరుతాము. ఏ ఓడ తీసుకోవాలో, దాని మీద ఏ తుపాకులు బిగించాలో నిర్ణయించేది కెప్టెనే. అందువల్ల ఆ సీటుకు గిరాకీ ఎక్కువ. గిరాకీ ఉన్నచోట ధర పెట్టడం వ్యాపారమే కదా అని నేను అనుకున్నాను.

ధర పెట్టిన తరువాత జరిగింది ఇది. డబ్బు కట్టినవాడికి ఓడ తనదనిపించింది, మిగిలిన ముగ్గురూ తన దగ్గర పనికి కుదిరినట్టు కనిపించారు. మూడు వారాల క్రితం శనివారం ఒక ఓడ వెనుకనే నిలబడి నేను ఆ ఆట అంతా చూశాను. కెప్టెన్ పిరమిడియన్ ఎంచుకున్నాడు. ముందువైపు రెండు చిన్న తుపాకులు ఉండే ఓడ అది. వాటిలో ఒకటి గాట్లింగ్, రెండోది మోర్టార్. ఈ జోడీ ఎలా పనిచేస్తుందో తెలిసినవారికి కెప్టెన్ పని సగం తెలిసినట్టే. ఎదుటి ఓడ ఆర్మర్‌ను గాట్లింగ్ త్వరగా ఊడగొడుతుంది, కానీ లోపలి హల్, అంటే కవచం వెనుక ఉండే ఓడ అసలు శరీరం, మీద దాని ప్రభావం తక్కువ. మోర్టార్ హల్‌ను పగలగొడుతుంది, కానీ ఆర్మర్ మీద దాని గుండ్లు వృథా. కనుక ఆర్మర్ పడిపోయిన క్షణం నుంచి అవతలి ఇంజనీరు దాన్ని తిరిగి నిలబెట్టేలోగా ఉండే ఆ కొద్ది సెకన్లలోనే మోర్టార్ మాట్లాడాలి, అప్పుడు ఓడ ముక్కు శత్రువు వైపే నిలిచి ఉండాలి.

ఆ రోజు గాట్లింగ్ దగ్గర కూర్చున్న కుర్రవాడు ‘ఆర్మర్ పోయింది’ అని అరిచిన సరిగ్గా ఆ క్షణంలో, తన ఓడకు దెబ్బలు తగులుతున్నాయని కెప్టెన్ పక్కకు తిప్పేశాడు. మోర్టార్ గురి తప్పి దాని గుండ్లు ఖాళీ ఆకాశంలోకి పోయాయి. తరువాత పారిపోవడానికి కిరసనాయిలు వాడాడు. అది వేగం పెంచుతుంది, కానీ వాడినంతసేపూ ఇంజన్లను తినేస్తుంది. ‘అన్నా, ఇంజన్లు పోతున్నయ్, ఆపన్నా’ అని వెనుక ఇంజనీర్‌గా ఉన్న తొమ్మిదో తరగతి పిల్లవాడు మూడుసార్లు అన్నాడు. ఆపలేదు. మూడు ఇంజన్లూ ఆగిపోయి ఓడ గాలిలో నిలబడిపోయింది, అక్కడే కూలింది. ఆ పిల్లవాడు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, తండ్రి బండి దగ్గరకు వెళ్లిపోయాడు. అతనికి ఇంకా నలభై నిమిషాల సమయం మిగిలి ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మరునాడు పరికరాలు పరీక్షిస్తే ఆ పిల్లవాడు కూర్చున్న మూడో సీటు హెడ్‌సెట్‌లో మైక్ తీగ తెగి ఉంది. వెనుక నిలబడిన నాకు ఆ పిల్లవాడి మాట గదిలో వినిపించింది. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్న కెప్టెన్‌కు అది అసలు చేరలేదు. నేను ఆ రోజు అందరి ముందు అతన్ని మందలించాను. అతను ఓడ తిప్పిన క్షణం తప్పే, కానీ వినలేదన్న నింద అన్యాయం. ఫోన్ చేసి అతనికి క్షమాపణ చెప్పాను. మూడు, ఏడు సీట్ల హెడ్‌సెట్లు మార్చాను, ఇకపై ప్రతి శనివారం ఆటకు ముందు ఎనిమిది మైకులనూ నేనే పరీక్షిస్తాను.

తరువాతి వారం కెప్టెన్ సీటు ఎవరూ కొనుక్కోలేదు. కాజీపేట నుంచి వచ్చే ఒక ఇంజనీరింగ్ విద్యార్థినిని, నాలుగు నెలలుగా ఓడలో ఇంజనీర్‌గానే ఆడుతున్న అమ్మాయిని, కూర్చోమని నేనే అడిగాను. ఓడ ఎంచుకునే ముందు ఆమె చేసిన మొదటి పని, మిగిలిన ముగ్గురినీ ఎవరు ఏ తుపాకీ బాగా కాలుస్తారో అడగడం. ఇద్దరు కొత్తవాళ్లని తెలిసి, ముందు ఒకే పెద్ద తుపాకీ ఉండే గోల్డ్‌ఫిష్ తీసుకుంది. ఆట మొదలైన తరువాత ఆమె గొంతు పెద్దగా వినిపించలేదు, కానీ ఎప్పుడూ ఆగలేదు కూడా. ‘ఎడమకు తిప్పుతున్నా’ అని తిప్పడానికి ముందే చెప్పింది. ‘లోడ్ అయిందా తమ్ముడూ’ అని అడిగి, అయిందన్న తరువాతే దగ్గరకు వెళ్లింది. ఒకసారి తన హల్ సగం పోతున్నా ఓడ ముక్కు కదపలేదు, ఎందుకంటే గన్నర్‌కు ఇంకా రెండు గుండ్లు మిగిలాయి. హల్ సుత్తితోనో రెంచితోనో బాగుపడేది కాదు, పోయిందంటే పోయినట్టే. ఆ సంగతి ఇంజనీర్‌గా చేసిన ఆమెకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా నిలబెట్టింది. కిరసనాయిలు ఒక్కసారే వాడింది, అదీ ‘ఇంజన్ల దగ్గర ఉన్నారా’ అని అడిగి, ఉన్నామన్న జవాబు వచ్చాకే. పక్క ఓడ కెప్టెన్‌తో కూడా మాట్లాడుతూ రెండు ఓడల తుపాకులూ ఒకే లక్ష్యం మీద ఉండేటట్టు చూసుకుంది. ఆ ఆట గెలవలేదు. అయినా నలుగురూ లేవకుండా ఇంకో గంటకు డబ్బు కట్టారు.

చుక్కాని దగ్గర నిలబడినవాడికి వెనుక ఏం కాలుతోందో కనిపించదు. కాలిపోతున్న ఇంజన్ దగ్గర కొన్ని వారాలు పని చేసినవాడు చుక్కాని పట్టుకుంటే, చూడకపోయినా అతనికి తెలుస్తుంది. అందుకే కొత్త పద్ధతి ఇలా ఉంటుంది. నాలుగు శనివారాలు ఆడి, వాటిలో కనీసం రెండు ఇంజనీర్‌గా ఆడినవారికే వంతులవారీగా కెప్టెన్ సీటు వస్తుంది. ఆట అయ్యాక మిగిలిన ముగ్గురినీ, ఈ కెప్టెన్‌తో మళ్లీ ఆడతారా అని నేను విడివిడిగా అడుగుతాను. ఇద్దరు వద్దంటే అతను ఇంకో రెండు వారాలు ఇంజనీర్‌గా ఆడాలి.

రుసుము తీసేయడం వల్ల శనివారం రాబడి తగ్గుతుంది, కరెంటు బిల్లు తగ్గదు. కాబట్టి శనివారం గంట రేటును అన్ని సీట్లకూ సమానంగా 5 రూపాయలు పెంచుతున్నాను. ఇది భారమనిపించే విద్యార్థులు నాతో నేరుగా చెప్పండి, పాత రేటుకే ఆడవచ్చు.

ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడికి మిగిలిన నలభై నిమిషాలు అతని ఖాతాలోనే ఉన్నాయి, ఆ సంగతి వాళ్ల నాన్నగారికి చెప్పాను. వచ్చే శనివారం ఏడున్నరకు బయలుదేరే మొదటి ఓడలో అతను ఉంటాడు. ఆనాటి కెప్టెన్ కూడా అదే ఓడకు, ఇంజనీర్‌గా, నిన్న వచ్చి తన పేరు రాయించుకున్నాడు.