అమ్మగారి రిపోర్టులో ఆ చిన్న పంక్తి

ప్రియమైన మిత్రునికి,

అమ్మగారి రక్తపరీక్షల కాగితాలు రెండూ అందాయి. క్రియాటినిన్ (కండల నుంచి రక్తంలోకి చేరే వ్యర్థం, దాన్ని కిడ్నీలు వడకడతాయి) మారలేదు కనుక కంగారు పడవద్దు. ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంచనా అంకె, కాస్త పెరిగిందని సంతోషించావు కానీ, అది కిడ్నీలు బాగుపడినందువల్ల కాదు, లెక్కగట్టే సమీకరణం మారినందువల్ల. పాత రిపోర్టులో ఆ అంకె కింద ‘నల్లజాతివారైతే 1.159తో హెచ్చించాలి’ అని ఎందుకుందో, గుంటూరులో ఉన్న మీ అమ్మగారికి దానితో ఏం పని అనీ అడిగావు. ఈ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాదు, ఓపికగా చదువు.

కిడ్నీల వడపోతను నేరుగా కొలవడం శ్రమతో కూడిన పని కనుక, రక్తంలోని క్రియాటినిన్, వయస్సు, ఆడా మగా అన్నవి చూసి అంచనా కడతాము. 1999లో వచ్చిన సమీకరణం, 2009లో వచ్చిన మరో సమీకరణం వీటికి జాతిని కూడా చేర్చాయి. ఒకే క్రియాటినిన్ ఉన్నప్పుడు నల్లజాతివారిలో వడపోత సగటున ఎక్కువగా కనిపించిందని, వారికి కండలు ఎక్కువ కావడమే అందుకు కారణమని అన్నారు. అంకె నిజమే కావచ్చు కానీ, ఆ కారణానికి గట్టి ఆధారం లేదు. నల్లజాతివారు కాని లోకమంతా ఒక్క గాటనే ఉండిపోయింది. అమ్మగారిని తెల్ల అమెరికన్లతో కలిపే లెక్కగట్టారన్నమాట.

ఆ 1.159 అనే గుణకం చేసిన హాని నేను కళ్లారా చూశాను. అమెరికాలో ఈజీఎఫ్ఆర్ 20కి దిగితే తప్ప, డయాలసిస్ మొదలుకాని రోగికి కిడ్నీ మార్పిడి జాబితాలో నిరీక్షణ కాలం లెక్కకు రాదు. నేను పూర్వం పనిచేసిన ఆసుపత్రిలో బస్సు నడిపే నల్లజాతి పెద్దమనిషి ఒకరు ఉండేవారు. గుణకం లేకపోతే ఆయన అంకె 18. హెచ్చిస్తే దాదాపు 21. అదే వయస్సు, అదే క్రియాటినిన్ ఉన్న తెల్లజాతి రోగి ఆ రోజే వరుసలో నిలబడగలిగేవాడు, ఈయన మాత్రం ఇంటికి వెళ్లిపోయారు. ఆయనను అలా పంపించిన వాళ్లలో నేనూ ఉన్నాను, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇక ఈ తప్పును దిద్దడంలో ముందు నిలిచిన నీల్ పో గారి సంగతి. ఆయన నల్లజాతి వైద్యుడు. హార్వర్డులో వైద్యంతో పాటు ప్రజారోగ్యం కూడా చదివి, జాన్స్ హాప్కిన్స్‌లో చాలాకాలం పరిశోధన చేసి, 2009లో పేదలకు పెద్ద దిక్కయిన శాన్ ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రికి వైద్య విభాగాధిపతిగా వెళ్లారు. దీర్ఘరోగాల్లో ఎవరికి వైద్యం ఆలస్యమవుతోంది, ఎందుకు అవుతోంది అన్నదే ఆయన జీవితకాలపు ప్రశ్న. 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆయన బృందం 81 కేంద్రాల్లో కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టిన 828 మందిని పరిశీలించింది. సుమారు 30 శాతం మంది డయాలసిస్‌కు నాలుగు నెలల ముందు వరకూ కిడ్నీ నిపుణుడి ముఖమే చూడలేదు, అలాంటివారిలో మరణాలు కూడా ఎక్కువ. నల్లజాతి పురుషుల్లో ఈ ఆలస్యం దాదాపు 45 శాతం, తెల్లజాతి పురుషుల్లో 25 శాతం లోపే.

2020 నాటికి ఆ గుణకాన్ని వెంటనే కొట్టివేయాలని వైద్య విద్యార్థులు గట్టిగా అడగసాగారు, వారి పక్షాన నేనూ ఉన్నాను. అప్పుడు పో గారు ఒక వ్యాసంలో, తొందరపడి తీసివేస్తే నల్లజాతి రోగులకే మరో విధంగా నష్టం కలగవచ్చునని హెచ్చరించారు. అంకె తగ్గితే కొన్ని మందుల మోతాదు అనవసరంగా తగ్గించవచ్చు, లేదా అసలు ఇవ్వకపోవచ్చు. ఆప్తులకు కిడ్నీ ఇవ్వబోయిన వ్యక్తిని పనికిరావని పంపేయవచ్చు. అది చదివి ఆయన మీద నాకు కోపం వచ్చిన మాట వాస్తవం. అన్యాయం కళ్లెదుట కనిపిస్తుంటే ఇంకా తూకం వేస్తారేమిటి అనుకున్నాను. కానీ దిద్దుబాటు వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో కూడా ముందే లెక్క చూడాలన్న ఆ పట్టుదల లేకపోతే, ఒక తప్పు స్థానంలో మరొక తప్పు వచ్చి కూర్చునేదని ఇప్పుడు నమ్ముతున్నాను.

ఆ సంవత్సరమే రెండు కిడ్నీ సంస్థలు కలిసి నియమించిన బృందానికి సింథియా డెల్గాడోతో పాటు ఆయన నాయకత్వం వహించారు. 2021 సెప్టెంబరులో ఆ బృందం పాత సమీకరణంలో గుణకాన్ని ఊరికే కొట్టివేయకుండా, జాతి ప్రసక్తి లేకుండా మొదటినుంచి కట్టిన కొత్త సమీకరణాన్ని సిఫారసు చేసింది; కండలతో అంతగా సంబంధంలేని సిస్టాటిన్-సి అనే రక్తపరీక్షను విరివిగా వాడమంది. 2023 జనవరి నుంచి, పాత లెక్క వల్ల నష్టపోయిన నల్లజాతి రోగులకు పోగొట్టుకున్న నిరీక్షణ కాలాన్ని తిరిగి కలపాలన్న నియమం అమలులోకి వచ్చింది. 2024 మార్చి మధ్యకల్లా 14,000 మందికి పైగా, సగటున రెండేళ్ల కాలం తిరిగి పొందారు. ఒక లెక్క తప్పయితే దిద్దడం చూశాను గాని, ఆ తప్పు మింగిన కాలాన్ని రోగికి తిరిగి ఇవ్వడం నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడలేదు.

అయితే కొత్త సమీకరణం కూడా మన వాళ్ల శరీరాలను చూసి కట్టినది కాదు. అమ్మగారిలా సన్నగా ఉండి, మాంసం ముట్టనివారిలో క్రియాటినిన్ సహజంగానే తక్కువ కనుక, అంకె ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించే అవకాశం ఉంది. అందుచేత వచ్చే నెల డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లినప్పుడు సిస్టాటిన్-సి, మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్) పరీక్షలు రెండూ రాయమని నా మాటగా అడుగు. ఫలితాలు రాగానే ఫోటో తీసి పంపు. అమ్మగారికి నా నమస్కారాలు.

నీ స్నేహితుడు