కథలు చదివేవారికి కలుసుకునే చోటు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పాఠకుల పేజీలో ఒక పెద్దమనిషి, ఈ తరం పిల్లలు మాంత్రికులూ గ్రహాంతరవాసులూ కాలయంత్రాలూ ఉన్న కథల వెంట పడడం పరదేశాల నుంచి వచ్చిన మోజు అని బాధపడుతూ రాశారు. ఆయన బాధను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఈ కడప జిల్లాలోనే పుట్టి, తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాడిగా ఆ మాటను ఒప్పుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

1947లో చక్రపాణి గారితో కలిసి ‘చందమామ’ను ప్రారంభించిన బి. నాగిరెడ్డి గారు మన జిల్లావారు. 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ తీసిన దర్శకుడు కె.వి. రెడ్డి గారిది పక్కనే ఉన్న తాడిపత్రి. ఆయన దగ్గర పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో తెలుగు తెర మీదికి కాలయంత్రాన్ని తెచ్చారు. అద్భుత కథల మీది ఇష్టం మనకు ఎక్కడి నుంచో రాలేదు, అందులో కొంత ఈ రాయలసీమ నేల నుంచే పోయింది. 1974లో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, చందాదారుల చందమామలు వచ్చిన రోజున, ఇంకా సార్టింగ్ పూర్తి కాకముందే పోస్టాఫీసు అరుగు మీద పిల్లలు వచ్చి కూర్చునేవారు. తమ ప్రతి తమ చేతికే ఇమ్మని, ఇంటికి తెచ్చేదాకా ఆగలేమని బతిమాలేవారు.

అయితే అమెరికాలో ఈ కథలకు మొదట ఇంత ఆదరణ లేదు. చవక కాగితం మీద అచ్చయ్యే కాలక్షేపంగానే వాటిని పెద్దలు చూసేవారు. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ అనే ఆయన ‘అమేజింగ్ స్టోరీస్’ అనే పత్రికను పెట్టి, అందులో పాఠకుల ఉత్తరాలను వారి పూర్తి చిరునామాలతో సహా వేయడం మొదలుపెట్టారు. తపాలా మనిషిని కాబట్టి నాకు ఈ సంగతి మిగిలిన వాటన్నిటికంటే ముఖ్యంగా కనబడుతుంది. తమలాంటి పిచ్చి ఉన్న ఇంకొకరు ఏ ఊళ్లో, ఏ వీధిలో ఉన్నారో తెలిసిన ఆ కుర్రవాళ్లు పత్రికకు రాయడం దగ్గర ఆగకుండా ఒకరికొకరు రాసుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు, 1930 నుంచి సొంతంగా చిన్న పత్రికలు తయారుచేసి టపాలో పంచుకున్నారు. క్లీవ్‌లాండ్‌లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు హైస్కూలు విద్యార్థులు అలాంటి పత్రికే నడిపారు; 1938లో సూపర్‌మ్యాన్ వారి చేతుల మీదుగానే లోకానికి వచ్చాడు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన ఈ కథల అభిమానుల మొదటి ప్రపంచ సమావేశానికి వచ్చింది దాదాపు 200 మంది మాత్రమే, కానీ వారిలో తర్వాత పెద్ద రచయితలైన ఐజాక్ అసిమోవ్, రే బ్రాడ్‌బరీ ఉన్నారు.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసినదే. అంతరిక్ష నౌకలో ప్రయాణించేవారి కథ అయిన ‘స్టార్ ట్రెక్’ టీవీ ధారావాహికను ఆపేస్తారన్నప్పుడు అభిమానులు ఉత్తరాల ఉద్యమం నడిపి 1968లో దానికి మరో ఏడాది ఆయుష్షు పోశారు. 1976లో అమెరికా తన మొదటి స్పేస్ షటిల్‌కు అందులోని నౌక పేరైన ‘ఎంటర్‌ప్రైజ్’నే పెట్టింది. 1970లో శాన్ డియేగోలో సుమారు 300 మందితో మొదలైన కామిక్స్ అభిమానుల సమావేశానికి తర్వాతి కాలంలో లక్షకు పైగా జనం రావడం మొదలైంది. 2004లో ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడో భాగమైన ఒక ఫాంటసీ సినిమాకు 11 ఆస్కార్లు వచ్చాయి. పెట్టుబడి పెట్టినవారు ఈ మార్గాన్ని కనిపెట్టలేదు, పాఠకులు నలభై యాభై ఏళ్లు నడిచి వేసిన బాటలోకి వారు ఆలస్యంగా వచ్చారు.

మన దేశంలోనూ కొన్ని చోట్ల ఇది జరిగింది. కలకత్తాలో 1963లో అద్రిష్ బర్ధన్ సంపాదకత్వంలో సైన్స్ ఫిక్షన్‌కు, అంటే విజ్ఞాన కల్పనా కథలకు, ప్రత్యేకంగా ఒక బెంగాలీ పత్రిక వచ్చింది, 1966లో సత్యజిత్ రాయ్ అధ్యక్షులుగా అలాంటి సినిమాల కోసం ఒక సినీ క్లబ్బు ఏర్పడింది. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పెట్టిన కథల పోటీకి ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మారుపేరుతో కథ పంపి బహుమతి గెలుచుకున్నారు.

మరి ఇంటింటా చందమామ చదివిన మన దగ్గర అలాంటి కూటమి ఎందుకు ఏర్పడలేదు? నాకు తోచిన జవాబు చెబుతాను. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి పాతికేళ్లపాటు చందమామలో జానపద సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరును ఆ సీరియళ్ల మీద వేయలేదు. అమెరికాలో పాఠకుడి చిరునామా కూడా అచ్చయింది, ఇక్కడ రచయిత పేరే అచ్చు కాలేదు. ఆయనకు ఒక్క కార్డు ముక్క రాయాలన్నా ఏ పేరున రాయాలో మాకు తెలియదు, పక్క ఊళ్లో ఆ సీరియల్ కోసమే ఎదురుచూసే మరొక కుర్రవాడు ఉన్నాడనీ తెలియదు. ఎవరికి వారు చదువుకుని, పెద్దవాళ్లమై, పిల్లల కథలని వదిలేశాం. అభిమాన సంఘమనే మాట మన దగ్గర హీరోల పేరు మీదే మిగిలింది.

ఇప్పుడు తెలుగు అద్భుత చిత్రాలను దేశమంతా చూస్తోంది. వాటిని చూసి వచ్చిన మా మనవరాలు, ఇలాంటి కథలు తెలుగులో చదవడానికి ఏమున్నాయి తాతా అని అడిగితే నేను చూపించగలిగినవి నా బీరువాలోని పాత పుస్తకాలే. ఒక గ్రంథాలయంలో వీటికి ఒక అర కేటాయించి, నెలకొక ఆదివారం చదువరులు కూర్చోవడానికి ఒక గది ఇవ్వమని రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. పోటీ పరీక్షల పుస్తకాలకే చోటు చాలడం లేదన్నారు. ఉద్యోగాల కోసం పొద్దస్తమానం అక్కడ చదువుకునే పిల్లల అవసరం నాకు తెలుసు, వారి కుర్చీ లాక్కోమని నేను అడగను. కానీ ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కట్టే ఊరికి నెలలో ఒక్క పూట అడిగే హక్కు ఉందని నమ్ముతున్నాను.

జిల్లా గ్రంథాలయ సంస్థ వారు దీన్ని పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీకూ ఒక మనవి: ఈ కథల మీద పాఠకులు రాసే ఉత్తరాలకు నెలకొకసారి అర పేజీ ఇచ్చి, పేరుతో పాటు ఊరి పేరు తప్పకుండా వేయండి. 1968 నుంచి 1979 దాకా బైండు చేయించి దాచిన చందమామలు నా దగ్గర ఉన్నాయి. గది ఇచ్చిన రోజున వాటిని బీరువాతో సహా అక్కడికి చేరుస్తాను, మోయించే ఖర్చు కూడా నాదే.

ఇట్లు,
తపాలా శాఖ విశ్రాంత ఉద్యోగి,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.